జింబాబ్వే స్త్రీల మరణాల రేటు: సర్వే అంకెల్ని ఎంతవరకు నమ్మొచ్చు?

జింబాబ్వేలో 15 ఏళ్లు నిండిన ఆడపిల్ల 60 ఏళ్లలోపు చనిపోయే అవకాశం వెయ్యికి ఎంత ఉందో ఏళ్లవారీగా చూస్తున్నాను. ప్రపంచ బ్యాంకు పట్టికలో 1990ల్లో ఆ రేటు ఎయిడ్స్ వల్ల బాగా పెరిగి, తర్వాత మందులు అందేకొద్దీ దిగింది. అంతమంది తల్లులు నడివయసులోనే పోయారంటే మనసు కలచివేస్తుంది.

అయితే అక్కడ మరణాల నమోదు అంతంతమాత్రం. సర్వేవాళ్లు ఇంటికెళ్లి స్త్రీలను 'మీ తోబుట్టువుల్లో ఎవరైనా పోయారా, ఏ వయసులో, ఎన్నేళ్ల క్రితం?' అని అడిగి లెక్క కడతారు. అక్కచెల్లెళ్లందరూ పోయిన కుటుంబంలో జవాబు చెప్పేవాళ్లే ఉండరు కదా! అందుకే అసలుకంటే తక్కువ వస్తుందేమోనని నా అనుమానం. 1994, 2015ల్లో జరిగిన ఇలాంటి ఇంటింటి సర్వేలను పోల్చాలంటే దీన్నెలా సరిదిద్దాలి? పట్టికలోని ఏడాదివారీ అంకెలు నేరుగా లెక్కపెట్టినవి కాక గణిత నమూనాతో (మోడల్) వేసిన అంచనాలు కదా, నేరుగా వాడొచ్చా? జనాభా లెక్కలపై పనిచేసినవాళ్లు దయచేసి చెప్పండి.