ఏడేళ్ల అనుభవానికి మూడేళ్లవాళ్ల గ్రేడ్ ఇచ్చారు. ప్రమోషన్ త్వరగా ఎలా తెచ్చుకోవాలి?

కొండాపూర్_టెస్టర్:
నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, ఏడేళ్లు. బాబు పుట్టాక రెండేళ్లు ఇంట్లోనే ఉన్నా. మళ్లీ వెతికితే ప్రతి ఇంటర్వ్యూ ఆ గ్యాప్ దగ్గరే ఆగింది. చివరికి ఒకచోట వచ్చింది, కానీ లీడ్‌గా చేసినదాన్ని మామూలు టెస్ట్ ఇంజినీర్‌గా తీసుకున్నారు. "ముందు చేరండి, ఆర్నెల్లలో కరెక్షన్ చేద్దాం" అని ఫోన్లో అన్నారు. ఆఫర్ లెటర్లో ఆ ముక్క లేదు. చేరి నాలుగు నెలలైంది. నాకు పని పంచేది మూడేళ్ల అనుభవం ఉన్న అబ్బాయి. మంచివాడే, "మేడమ్, ఇది కొంచెం చూస్తారా" అంటాడు. అదే ఇంకా ఇబ్బందిగా ఉంటుంది. ఇలా చేరి త్వరగా పైకొచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

మియాపూర్_పాతకాపు:
ఏ నెలలో చేరారో ముందు చెప్పండి. ఏప్రిల్ నుంచి మార్చి లెక్క నడిచే చాలా కంపెనీల్లో ఒక కటాఫ్ తేదీ ఉంటుంది. అది దాటాక చేరితే ఆ ఏడు రేటింగే ఇవ్వరు, ఇక ప్రమోషన్ మాటేముంది. మా దగ్గర సెప్టెంబరు 30. నేను చేరింది అక్టోబరు 6న. పాత కంపెనీవాళ్లు ముందే వదిలేస్తామన్నారు కూడా, నేనే దసరాకి ఊరెళ్లొచ్చి చేరదామని ఆగా. ఆరు రోజులకి ఏడాది పోయింది.

కొండాపూర్_టెస్టర్:
జులైలో చేరానండీ.

మియాపూర్_పాతకాపు:
అయితే మీ హెచ్‌ఆర్‌ని కటాఫ్ ఎప్పుడో అడిగి ఖాయం చేసుకోండి. ప్రమోషన్ పేర్లు చాలాచోట్ల మేనేజర్లు జనవరి, ఫిబ్రవరిలోనే పైకి పంపేస్తారు. మార్చిలో అప్రైజల్ మీటింగ్‌లో అడిగితే పెళ్లయిపోయి విస్తళ్లు ఎత్తేశాక భోజనానికి వెళ్లినట్టే. ఇప్పుడే అడగాలి.

పటాన్‌చెరు_క్యూసీ:
నాది ఐటీ కాదు, ఫార్మాలో క్యూసీ, అంటే మందుల నాణ్యత పరీక్షించే ల్యాబు. పాతచోట సీనియర్ ఎగ్జిక్యూటివ్‌ని. ఇంటికి దగ్గరని ఇక్కడ ఒక మెట్టు దిగి ఎగ్జిక్యూటివ్‌గా చేరా. ఏడాదిన్నరలో పాత హోదా వచ్చింది.

మా ల్యాబులో హెచ్‌పీఎల్‌సీ (మందులో ఏది ఎంతుందో కొలిచే మిషన్) నడపగలిగినవాళ్లకి కొదవ లేదు. రిజల్ట్ లిమిట్ దాటి ఓఓఎస్ (అవుట్ ఆఫ్ స్పెసిఫికేషన్) పడితే మాత్రం అందరికీ వేరే పని గుర్తొచ్చేది. ఆ ఇన్వెస్టిగేషన్ రాయడం ఎవరికీ ఇష్టముండదు. పోల్చి చూసే స్టాండర్డ్ తూకం తప్పా, మిషన్‌లో నడిపే ద్రావణం (మొబైల్ ఫేజ్) కలపడంలో తేడానా, మిషన్ లోపమా, లేక బ్యాచే అలా వచ్చిందా అని ఒక్కొక్కటీ ఆధారంతో తేల్చాలి. ఊరికే మళ్లీ టెస్ట్ చేసి "పాసైంది" అని రాస్తే ఆడిట్‌లో దొరికిపోతాం. నాకు ఆ పని వచ్చు. మొదటి రెండూ నేనే అడిగి తీసుకున్నా. మూడోది వాళ్లే నన్నడిగి ఇచ్చారు. తర్వాత అడగడం కూడా మానేసి నా టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయేవాళ్లు.

అమెరికా మందుల నియంత్రణ సంస్థ యూఎస్ ఎఫ్‌డీఏ వాళ్లు ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినప్పుడు ఆ ఫైళ్లే తీశారు. రాసింది నేను కాబట్టి మా హెచ్‌ఓడీ నన్నే పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆ ఏడు నా పేరు ఆయనే పంపాడు, నేను అడగలేదు.

జీతం సంగతి వేరే. హైక్ శాతం నా తక్కువ జీతం మీదే లెక్కేశారు. పాత జీతం అందుకోవడానికి ఇంకో ఏడు పట్టింది.

ఉప్పల్_నైట్‌షిఫ్ట్:
అన్నది బాగానే ఉంది గానీ అందరికీ అలా కలిసిరాదు. నేను రెండేళ్లు లీడ్ పని చేశా, బండచాకిరీ. "నీ పేరే ముందుంది" అన్న మేనేజర్ ఇంకో కంపెనీకి వెళ్లిపోయాడు. కొత్తాయన ఫైలు చూసి "మీ గ్రేడ్‌కి మీరు బాగానే చేస్తున్నారు" అన్నాడు. నోటి మాట ఆ మనిషితోనే పోతుంది అక్కా. మీటింగ్ అయిన సాయంత్రమే మెయిల్ పెట్టేయండి.

కొండాపూర్_టెస్టర్:
మెయిల్ అంటే గొడవకి దిగినట్టు అనుకోరా?

ఉప్పల్_నైట్‌షిఫ్ట్:
థాంక్స్ చెప్తున్నట్టు రాయాలి. "ఇవాళ టైమ్ ఇచ్చినందుకు థాంక్స్. మీరు చెప్పినట్టు ఫలానా పని నేను చూసుకుంటాను, ఈ అప్రైజల్ సైకిల్‌లో లీడ్ గ్రేడ్‌కి నా పేరు పరిశీలిస్తారని అర్థం చేసుకున్నాను, తప్పుగా అనుకుంటే చెప్పండి." అంతే. ఇంగ్లీషులో మీరే పెట్టుకోండి.

డాలస్_గుంటూరోడు:
అమెరికాలో ఇలా తక్కువ లెవెల్లో చేరి ఉంటే ఒక మాట. గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పెర్మ్ నడుస్తున్నప్పుడు ప్రమోషన్‌తో డ్యూటీలు బాగా మారితే అదంతా మళ్లీ మొదట్నుంచి చేయాల్సి రావచ్చు, హెచ్‌1బీ కూడా సవరించాల్సి రావచ్చు. లాయర్‌ని అడగకుండా సంబరపడొద్దు. నాకు ప్రమోషన్ వద్దని నేనే చెప్పాల్సొచ్చింది, ఇంట్లో ఎవరూ నమ్మలేదు.

కొండాపూర్_టెస్టర్:
అందరికీ థాంక్స్. నిన్న మేనేజర్‌తో మాట్లాడా. కటాఫ్‌కి ఇబ్బంది లేదట, కానీ ఇప్పటికే ఇద్దరి పేర్లు ఉన్నాయన్నారు. మా టీమ్‌లో రిలీజ్ ముందు రాత్రి రిగ్రెషన్ రన్ (పాత టెస్టులన్నీ మళ్లీ నడపడం) అయ్యాక ఫెయిలైన కేసుల్లో నిజం బగ్‌లేవో, ఊరికే పడిపోయేవేవో తేల్చడానికి పొద్దున్నే అందరూ తలపట్టుకుంటారు. పటాన్‌చెరు గారి పోస్ట్ చదివాక అదే అడిగా. "తీసుకోండి, తీసుకోండి" అన్నారు వెంటనే, అంత వెంటనే అంటే కొంచెం భయమేసింది. సాయంత్రం మెయిల్ కూడా పెట్టా.

ఉప్పల్_నైట్‌షిఫ్ట్:
జవాబు వచ్చిందా?

కొండాపూర్_టెస్టర్:
థమ్సప్ ఎమోజీ పెట్టారు. ఇంకేం లేదు.

ఉప్పల్_నైట్‌షిఫ్ట్:
చాలు అక్కా. స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. జనవరి మొదటి వారంలో అదే మెయిల్‌కి రిప్లై కొట్టి మళ్లీ అడగండి.