కారు స్టీరియోలో ఐస్‌లాండిక్ అక్షరాలు మారిపోతున్నాయి, ఏం చేయాలి?

కారులో వినడానికి 16 జీబీ పెన్‌డ్రైవ్‌లో (ఫ్యాట్32 ఫార్మాట్) ఐస్‌లాండ్ పాటలు, ఎంపీ3లు వేసుకున్నాను. పాటలన్నీ బాగానే మోగుతున్నాయి. చిక్కంతా స్క్రీన్ మీద పేర్లతోనే.

సిగుర్ రోస్ బ్యాండ్ పేరు సరిగ్గా వస్తోంది. సంగీతకర్త హిల్దుర్ గుద్నాదోత్తిర్ పేరులో 'ద' పలికే ఎథ్ అక్షరం చోట నెత్తిన చిన్న గిన్నె బోర్లించకుండా పెట్టినట్టున్న 'జి' కనిపిస్తోంది. మరో సంగీతకర్త ఆన్నా థోర్వాల్ద్స్‌దోత్తిర్ పేరులో 'థ' పలికే థోర్న్ అక్షరం పోయి, కింద తోక ఉన్న 'ఎస్' వచ్చింది. నెత్తిన గీత ఉన్న 'ఓ', 'ఎ-ఇ' కలిసిన అక్షరం మాత్రం చెక్కుచెదరలేదు. అదే నాకు అర్థం కాని సంగతి.

ఎంపీ3ట్యాగ్‌లో (పాట ఫైల్లో ఉండే పేరు వివరాలను, అంటే ట్యాగ్‌ని, మార్చే సాఫ్ట్‌వేర్) చేసి చూసినవి: ముందు ట్యాగ్ ఫార్మాట్ ఐడీ3 వెర్షన్ 2.4, ఎన్‌కోడింగ్ (అక్షరాలను అంకెలుగా దాచే పద్ధతి) యూటీఎఫ్-8 పెట్టాను, ఒక్కో అక్షరం రెండు పిచ్చి గుర్తులైంది. 2.3లో యూటీఎఫ్-16 పెడితే పేరే ఖాళీ. 2.3లో ఐఎస్ఓ 8859-1తోనే పైన చెప్పినంత వరకైనా వచ్చింది. పెన్‌డ్రైవ్ మార్చాను, స్టీరియోని రీసెట్ చేశాను, భాష ఇంగ్లిష్ అనే ఉంది. ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో ఇవే ఫైళ్లు తప్పు లేకుండా కనిపిస్తున్నాయి.

ఎథ్ బదులు 'డి', థోర్న్ బదులు 'టిహెచ్' రాసేస్తే పని అయిపోతుందని తెలుసు. మనసొప్పడం లేదు, మన 'ళ'ని 'ల' చేసినట్టుంటుంది.

ఈ రెండు అక్షరాలే ఇలా మారుతున్నాయంటే స్టీరియో ట్యాగ్‌ని వేరే ఏ ఎన్‌కోడింగ్‌గా చదువుతున్నట్టు, దాన్ని మార్చే దారి ఏదైనా ఉందా?