కరెంటు కోతలున్న ఊరిలో బ్యాటరీ లేని సోలార్ సరిపోతుందా?

మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. నెలకు 150 యూనిట్లకు మించి వాడని మా డాబా ఇంటిపై, 2024 ఫిబ్రవరిలో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద 2 కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు పెట్టించాలనుకుంటున్నాము. ఈ సామర్థ్యానికి కేంద్రం 60,000 రూపాయల రాయితీ ఇస్తుంది; కిలోవాటుకు రోజుకు సుమారు 4 యూనిట్ల చొప్పున లెక్కవేస్తే మా వాడకానికి మించే ఉత్పత్తి అవుతుంది కనుక బిల్లు గురించి సందేహం లేదు.

చిక్కంతా కరెంటు కోతలతోనే. ప్యానెళ్ల కరెంటు లైనులోకి వెళ్లి, దానిపై పనిచేసే సిబ్బందికి ప్రమాదం కలగకుండా, గ్రిడ్ (బయటి కరెంటు లైను) సరఫరా ఆగిన వెంటనే బ్యాటరీ లేని సోలార్ ఇన్వర్టరు (ప్యానెళ్ల కరెంటును ఇంటి వాడకానికి తగ్గట్టు మార్చే పరికరం) కూడా ఆగిపోతుందని, అంటే మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతున్నా ఇంట్లో ఫ్యాను తిరగదని ఆలస్యంగా తెలిసింది. (అమ్మేవారు ఈ సంగతి అడిగితే తప్ప చెప్పడం లేదు.) బ్యాటరీతో కలిసి కోతల్లోనూ పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టరు, దానికి బ్యాటరీ తీసుకుంటే ఖర్చు బాగా పెరుగుతుంది గానీ, రాయితీ కిలోవాట్లను బట్టే కాబట్టి అది పెరగదు.

ఇటువంటి ఊళ్లలో ఇప్పటికే పెట్టించుకున్నవారు, రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు మూడు గంటలు నడవడానికి ఎంత బ్యాటరీ అవసరమైందో, లెడ్ యాసిడ్, లిథియం రకాల్లో మా ఎండలకు ఏది ఎక్కువకాలం నిలిచిందో దయచేసి తెలుపగలరు. లేక ఇంట్లో ఉన్న పాత ఇన్వర్టరును విడిగా అలాగే ఉంచుకోవడమే చవకంటారా?