చింతామణి తోపులో కలిసిన చెట్లను ఉంచాలా, తీసివేసి ఒకే జాతి నాటాలా?

ప్రశ్న:
చింతామణి దగ్గర మా నాన్నగారు పెంచిన మూడు ఎకరాల తోపులో కానుగ, వేప, నేరేడు, చింత, మోదుగ కలగలిసి ఉన్నాయి. మేము బెంగళూరులో ఉంటూ నెలకొకసారి వెళ్లి వస్తుంటాము. వీటిని కొట్టించి ప్లైవుడ్‌కు పనికివచ్చే మలబారు వేప నాటుదామని మా తమ్ముడు పట్టుబడుతున్నాడు. పెద్దలు ఏమంటారు?

మొదటి జవాబు:
మీ తమ్ముడి మాటే సబబుగా ఉంది. ఒకే జాతిని వరుసల్లో నాటితే కొలత, కోత, బేరం అన్నీ సులువు. రకరకాల చెట్లను చూడాలనుకుంటే లాల్‌బాగ్ మీకు దగ్గరే.

రెండవ జవాబు:
ఈ మాటతో నేను ఏకీభవించలేను. కోలారు, బెంగళూరు గ్రామీణ జిల్లాల్లో పొలాలకు పొలాలు నీలగిరి తోటలైపోయి, చివరకు 2017లో కర్ణాటక ప్రభుత్వం ఆ చెట్టును కొత్తగా నాటడాన్నే నిషేధించవలసి వచ్చింది. మలబారు వేపను నీలగిరితో సమానం చేయడం న్యాయం కాదు గానీ, ఒకే వయసున్న ఒకే జాతి చెట్లు నిండిన తోపుకు పురుగు పట్టినా, ధర పడిపోయినా దెబ్బ మొత్తానికీ ఒక్కసారే తగులుతుంది.

హోసకోటె అవతల మాకూ ఇటువంటి తోపే ఉంది. మాఘ ఫాల్గుణాల్లో మోదుగ ఆకు రాల్చి నిప్పు రంగున పూస్తుంది. ఆ పూత అయిపోయేసరికి కానుగ లేతాకు తొడిగి, తన కింద లేత ఊదా పూలు పరుస్తుంది. ఆ వెనుకే నేరేడు పండుతుంది. రెండేళ్ల క్రితం మా కానుగ నీడలో ఎవరూ నాటని శ్రీగంధం మొక్కలు మూడు కనిపించాయి. పండ్లు తిన్న పిట్టలు ఆ కొమ్మల మీద వాలి విడిచిన గింజలే అవి. శ్రీగంధం తన వేళ్లతో పక్క చెట్టు వేళ్లను పట్టుకొని నీరూ పోషకాలూ తీసుకుంటుంది కనుక, కానుగ వంటి తోడు లేనిదే ఏపుగా పెరగదు. 2001 నాటి చట్ట సవరణతో కర్ణాటకలో సొంత భూమిలోని శ్రీగంధం భూయజమానిదే అయింది. కొట్టడానికి మాత్రం అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. మీ తమ్ముడు కోరుతున్న ఆదాయానికి ఈ తోపులోనే చోటుందని ఆయనకు చెప్పి చూడండి.

ప్రశ్న అడిగినవారు:
పడమటి గట్టు వెంట అర ఎకరం ఖాళీగా ఉంది. మలబారు వేపను అక్కడికే పరిమితం చేద్దామని తమ్ముడితో మాట్లాడతాను. ఈసారి వెళ్లినప్పుడు కానుగల కింద గడ్డి తొలగించి చూస్తాను.