ఫోన్‌లో టెలిప్రాంప్టర్ పెట్టుకుని వీడియో తీస్తే అది మాట్లాడినట్టా, చదివినట్టా?

తాడిపత్రోడు:
నేనూ మా ఫ్రెండూ కలిసి అనంతపురం జిల్లా గుళ్ళ మీద వీడియోలు చేస్తాం, నేను మాట్లాడ్తా, వాడు తీస్తాడు. పోయిన వారం తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరస్వామి గుడికి పొద్దున ఆరింటికే పోయినాం, ఎండ ఎక్కకముందే ముగించాలని. నాలుగు నిమిషాల ముక్కకి ఇరవై రెండు టేకులు! ప్రతిసారీ యాడో ఒకచోట నాలుక మడతపడేది, పెన్న ఒడ్డున అనబోయి పెన్ను ఒడ్డున అంటా, అంతలోకే ఎండొచ్చె, జనమొచ్చిరి, సర్దుకుని ఇంటికొచ్చేసినాం. ఆ రాత్రే టెలిప్రాంప్టర్ యాప్ వేసుకున్నా, మాటర్ అంతా టైప్ చేసి పెట్టుకుంటే రికార్డింగ్ అవుతాంటే తెర మీద లైన్లు పైకి జరుగుతా ఉంటాయి, చూసి చెప్పడమే. మర్నాడు రెండే టేకులు. కానీ ఎడిటింగ్‌లో చూసి మావాడు, ఇది నువ్వు కాదప్పా, రేడియో వార్తలు, యాప్ తీసేయ్ లేదంటే ఇంకో కెమెరామన్‌ని చూసుకో అంటాండాడు. మా అమ్మయితే ఇంకో మాట అనింది, "పక్కన ఎవురున్నార్రా, వాళ్ళ కల్లా చూస్తా మాట్లాడ్తాండావు?" అని. వాడాల్నా వద్దా, చెప్పండి.

బురుజుకాడ:
వద్దే వద్దు. కర్నూల్లో ఇంటర్ పిల్లోళ్ళ కాడ్నుంచి రాజకీయ నాయకుల దాకా అందరూ ఇదే పట్టుకున్నారు, అందరి గొంతూ ఒకటే మాదిరి అయిపోయింది. తెలిసినోడికి కాగితం దేనికి? చీనీ (బత్తాయి) తోటలో నిలబెట్టి ఒక రైతుని అడుగు, గంట చెప్తాడు, ఒక్క ముక్క రాసుకోడు. నువ్వు తడబడినా పర్లేదు, తడబడితే మనిషి మాట్లాడ్తాండాడని తెలుస్తాది.

చీనీతోట:
అన్నా, నువ్వు చెప్పే ఆ రైతు నేనే అనుకో. నాకు చీనీ, బుడ్డల (వేరుశనగ) సాగు మీద చిన్న ఛానలుంది. ఒకసారి నీ మాదిరే గుండె ధైర్యంతో చూడకుండా చెప్తా పది లీటర్ల నీళ్ళకి అనాల్సింది లీటరుకి అనేసినా. మందు డోసప్పా అది, పది రెట్లు! మర్నాడు పొద్దున ఒకాయన ఫోన్ చేసి ఇది నిజమేనా అని అడిగితే కాళ్ళు చల్లబడినాయి, వీడియో అప్పటికప్పుడు తీసేసినా కానీ ఎంతమంది చూసి కొట్టినారో ఇప్పటికీ తెలీదు. అప్పట్నుంచి యాప్ లేకుండా ఒక్క వీడియో తీయలే. తడబడితే మనిషంట, తప్పు చెప్తే చెట్టు ఎండిపోతాది.

బురుజుకాడ:
డోసు చెప్పేటప్పుడు జేబులోంచి చీటీ తీసి చూసి చెప్పు, ఎవురు వద్దన్నారు? చీటీ చూస్తే నాకు నమ్మకం పెరుగుతాది, వీడు జాగ్రత్తపరుడు అనుకుంటా. నా కంట్లోకి చూస్తా అంతా కంఠతా వచ్చినట్టు నటిస్తారే, నాకు మండేది దానికి. చదవడం తప్పని నేను అనలే, చదువుతా చదవనట్టు కనపడ్డం తప్పంటాండా.

లెక్కలసారు కడప:
నిజాయితీ సంగతి మీరూ మీరూ తేల్చుకోండి, వాళ్ళమ్మగారు చెప్పిన జబ్బుకి మాత్రం నా దగ్గర మందుంది. తాడిపత్రి తమ్ముడూ, నువ్వు ఫోన్ అడ్డంగా పెట్టి తీసింటావు, అవునా? అడ్డంగా పెడితే ముందు కెమెరా ఒక పక్కకి పోతాది, అక్షరాలేమో తెర నడిమధ్యలో వస్తాయి, నువ్వు చదివేది మధ్యలో, కెమెరా ఉండేది పక్కన, అందుకే చూసేవాళ్ళకి నువ్వు ఎవరితోనో మాట్లాడ్తున్నట్టు ఉంటాది. పైగా లైను వెడల్పుగా ఉంటే నల్లగుడ్డు ఆ కొస నుంచి ఈ కొసకి నడుస్తాది, అదింకా ఘోరం. అక్షరాల పట్టీని కెమెరా పక్కకి జరిపి సన్నగా చెయ్, లైనుకి రెండు మూడు మాటలు మించకుండా. ఆ తర్వాత వెనక్కి జరుగు. కెమెరాకీ అక్షరానికీ మధ్య 5 సెంటీమీటర్ల ఎడం ఉందనుకో, 40 సెంటీమీటర్ల దగ్గర నిలబడితే చూపు 7 డిగ్రీలు పక్కకి పోతాది, ఒకటిన్నర మీటరు దూరం పోతే 2 డిగ్రీల లోపే. అక్షరం సైజు పెంచుకో, కాలర్ మైకు పెట్టుకో, లేదంటే పెన్న గాలి తప్ప నీ మాట వినపడదు.

జిరాక్సుషాపు:
నాలుగు మాటలు నావి కూడా. అను ఫాంట్లలో (డీటీపీ షాపుల్లో వాడే తెలుగు ఫాంట్లు) చేయించిన మాటర్ యాప్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గీతలు వస్తాయి, యూనికోడ్‌లోనే, అంటే ఫోన్‌లో మామూలుగా కొట్టే తెలుగులోనే కొట్టాల. యాప్‌లో లైన్లు జరిగే స్పీడు ఇంగ్లీషు మాటల లెక్కన పెట్టింటారు, మనకి "తీసుకెళ్ళలేకపోయినారు" అనేది ఒకటే మాట, కాబట్టి సగానికి తగ్గించుకోండి. లైన్ల మధ్య ఎడం పెంచకపోతే వత్తులు కింద లైను గుడులతో కలిసిపోతాయి. వార్తలు చదివేవాళ్ళని మాత్రం ఎవురూ ఏమీ అనరు, అదేందో మరి.

వింగువెనక:
వార్తలంటే చదవడమే కదా, అందరికీ తెలుసు. బురుజు అన్న చెప్పేదాంట్లో న్యాయం ఉంది, కానీ ఇది కొత్త మోసం ఏమీ కాదు. మా తాత మా పక్క ఊళ్ళల్లో పద్య నాటకాలకి ప్రాంప్టింగ్ చెప్పేవాడు, పక్క తెర వెనక లాంతరు పెట్టుకుని నోటు పుస్తకంతో నిలబడేవాడు రాత్రంతా. బళ్ళారి రాఘవ పుట్టింది మన తాడిపత్రిలోనే, నాటకం మన నీళ్ళల్లోనే ఉంది, ఆ నాటకంలో మాట అందించేవాడు ఎప్పుడూ ఉన్నాడు. ఈ మిషను కూడా 1950 ప్రాంతంలో అమెరికాలో టీవీ నటుల కోసమే వచ్చింది, అప్పట్లో కాగితం చుట్ట మోటారుతో తిరిగేదంతే, 1952లో అమెరికా మాజీ అధ్యక్షుడు హూవర్ తన పార్టీ సభలో వాడిన తర్వాత నాయకులు పట్టుకున్నారు. సరే, తాత ఒక మాట చెప్పేవాడు, అందించేటోడు మొదటి మాట మాత్రమే అందించాల, వాక్యమంతా అందిస్తే నటుడు చెవి ఒగ్గి నిలబడిపోతాడు, ఇంక నటించడు అని. మీరు యాప్‌లో నాలుగు నిమిషాల మాటరూ పోసినారు, అందుకే మీ ఫ్రెండుకి రేడియో వినపడింది.

పంతులమ్మ నంద్యాల:
ఇంతమంది మాట్లాడినారు, అసలు ఏం రాసుకున్నాడో ఎవరూ అడగలేదు. బాబూ, నీ మాటర్‌లో మొదటి రెండు వాక్యాలు ఇక్కడ పెట్టు.

తాడిపత్రోడు:
మేడమ్, ఇదిగో. "పెన్నా నదీ తీరమున విజయనగర రాజుల కాలంలో ఈ ఆలయము నిర్మించబడినది. దీని గోపురములు అసంపూర్ణముగా మిగిలిపోయినవి."

పంతులమ్మ నంద్యాల:
అనుకున్నా. ఇది పదో తరగతి జవాబు పత్రం, నువ్వు ఎట్లా చదివినా ఇట్లే వినపడుతుంది, యాప్‌ని తిట్టి లాభం లేదు. మీ అమ్మని ఆ గోపురం ముందు నిలబెట్టి చూపిస్తే ఏమంటావో అదే రాయి. "పైకి చూడండి, గోపురం పైన ఏమీ లేదు. రాయి మీద ఇంత పని చేసి, పైన కట్టకుండానే వదిలేసినారు. విజయనగరం కాలం నాటిది. ఇటు తిరిగితే పెన్న." అంతే. తేదీలు కూడా అక్షరాల్లో రాసుకో, 1529 అని అంకెల్లో ఉంటే చదివేటప్పుడు పదహైదు వందలా, వెయ్యిన్ని ఐదు వందలా అని ఒక క్షణం ఆగుతావు, ఆ క్షణం కంట్లో తెలుస్తుంది.

చీనీతోట:
మేడమ్ కరెక్ట్. నేను డోసు ఒక్కటే పూర్తిగా రాస్తా, మిగతాది తలకాయ మాటలే. సారు చెప్పిన పక్క చూపుకి అద్దం కూడా ఒక దారి తమ్ముడూ, 45 డిగ్రీల్లో అద్దం వాల్చి, వెనకాల కెమెరా పెట్టి, కింద ఇంకో ఫోన్‌లో అక్షరాలు అద్దంలో కనపడే మాదిరి కుడి ఎడమలు తిరగేసి పెడితే నేరుగా లెన్సులోకే చూస్తా చదవచ్చు. కానీ మామూలు కిటికీ అద్దం కోయించుకుంటే ఒక్కో అక్షరానికి ఒక నీడ అక్షరం వస్తాది, అద్దానికి రెండు ముఖాలు కదా, రెండూ చూపిస్తాయి. నేను కోయించి మూలన పెట్టినా.

తాడిపత్రోడు:
ఆదివారం మళ్ళీ పోయినాం. యాప్‌లో ఏడు లైన్లే పెట్టినా, గోపురం, పెన్న, బుగ్గ నీళ్ళు, ఇట్లా మొదటి మాటలే, రాజుల పేర్లు మాత్రం పూర్తిగా. ఫోన్ నిలువుగా, ఐదడుగుల దూరంలో. ఆరు టేకులు పట్టింది, రెండు కాదు. మావాడు కెమెరా వదిలి పోలేదు, బాగుందని కూడా అనలేదు, వాడంతే. అమ్మకి చూపిస్తే ఈసారి నా కళ్ళ గురించి ఏమీ అనలే, "ఆ గోపురం ఎందుకురా అట్ల మొండిగా వదిలేసినారు?" అని అడిగింది.

బురుజుకాడ:
చూసినా. బాగుంది, కాదనను. కానీ మూడో నిమిషంలో రాజుల పేర్లకాడ చదువుతాండావు, కనపడతాంది. అక్కడ చీటీ తీసి చూడు.