రెండడుగుల మొక్కల అక్వేరియం: 30 వాట్ల ఫ్లడ్ లైటు చాలదా, ఎక్కువైందా?

కాలువగట్టు, అమలాపురం:
తొట్టి పొడవు 24 అంగుళాలు, వెడల్పు 12, ఎత్తు 15. అడుగున రెండంగుళాల గోదారి ఇసక. వెనక వాలిస్నేరియా, కాలవలోంచి తెచ్చిన హైడ్రిల్లా, ముందు క్రిప్టోకొరైన్, చెక్కకి కట్టిన జావా ఫెర్న్, అనుబియాస్. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ లేదు. నీటికి ఆరంగుళాల పైన 30 వాట్ల ఎల్‌ఈడీ ఫ్లడ్ లైటు, 6500 కెల్విన్ (తెల్ల వెలుగు), పొద్దున్న 8 నుంచి సాయంత్రం 6 దాకా. నెల తిరక్కుండా గాజు మీదా, అనుబియాస్ ఆకుల మీదా పచ్చ చుక్కలు, ఫెర్న్ అంచులకి దారాల్లాంటి పాచి. కొట్లో "లైటు చాలట్లేదు, 50 వాట్లది వెయ్యండి" అంటున్నారు. గులాబీ, నీలం కలిపి వెలిగే మొక్కల లైటు కూడా చూపించారు. ఏది తీసుకోవాలండి? ఎర్రగా పెరిగే రోటాలా మొక్క కూడా పెట్టాలనుంది.

పాచితో పేచీ, భీమవరం:
50 వాట్లు వద్దండి బాబూ, ఉన్నదే ఎక్కువైంది. మీ తొట్టి కొలతకి 70 లీటర్లు. ఇసక, చెక్క, పైన వదిలిన ఖాళీ తీసేస్తే నీరు 58–60. మామూలు ఎల్‌ఈడీ వాటుకి సుమారు 100 ల్యూమెన్లు (వెలుగు కొలత) ఇస్తుంది కాబట్టి 30 వాట్లంటే 3000, అంటే లీటరుకి 50. కార్బన్ డయాక్సైడ్ గ్యాసు పెట్టిన తొట్టికి వేసే వెలుగు అది. గ్యాసు లేని చోట 15–25 ల్యూమెన్లు చాలు. పైగా పది గంటలు! వెలుగు పెరిగేకొద్దీ మొక్క కార్బన్, నత్రజని, పొటాషియం ఎక్కువ అడుగుతుంది. అవి అందకపోతే ఎదుగుదల ఆగుతుంది, మిగిలిన వెలుగు పాచి పాలవుతుంది. అనుబియాస్ ఆకు నెలల తరబడి ఉండిపోతుంది కాబట్టి చుక్కలు ముందు దానికే పడతాయి. నీటిలో ఫాస్ఫేటు మరీ తక్కువైనా ఆ చుక్కలు వస్తాయి.

కొత్తది కొనకముందు ఇవి చెయ్యండి. ఫ్లడ్ లైటుని నీటికి 14–16 అంగుళాల పైకి ఎత్తండి. ఆరంగుళాల్లో ఉంటే నడిమధ్య మండిపోతుంది, మూలలు చీకటిగా ఉంటాయి. వెలిగే సమయం రోజుకి 6 గంటలకి తగ్గించండి. మూడు వారాలు పాచి రాకపోతే వారానికి అరగంట చొప్పున పెంచి 8 దగ్గర ఆపండి. గాజు మీది చుక్కలు పాత బ్లేడుతో వస్తాయి, ఆకు మీదివి రావు. ఆ ఆకుని కోసెయ్యడమే.

మార్చాలనే ఉంటే రెండడుగుల 10 వాట్ల ఎల్‌ఈడీ బాటెన్లు రెండు తీసుకుని వేరువేరు స్విచ్చులకి ఇవ్వండి. ఒకటి వెలిగితే లీటరుకి 17 ల్యూమెన్లు, రెండూ వెలిగితే 34. ఒకటి 7 గంటలు, రెండోది మధ్యలో 2 గంటలు. నాలుగడుగుల బాటెన్ చవకే గానీ సగం వెలుగు గోడకి పోతుంది. గులాబీ లైటుతో మొక్క పెరుగుతుంది, కాదనను. చేప మాత్రం ఊదారంగులో కనిపిస్తుంది. ఇంట్లో పెట్టుకుని చూసుకునే తొట్టికి అదేం అందమండి?

లిక్విడ్ కార్బన్ అని సీసాల్లో అమ్మేదాన్ని పాచికని పొయ్యకండి. అది గ్లుటరాల్డిహైడ్ అనే రసాయనం, వాలిస్నేరియా కరిగిపోతుంది.

ఇసకదిబ్బ, నరసాపురం:
ల్యూమెన్ల లెక్క కొనేటప్పుడు పనికొస్తుంది, పెట్టాక కొలుచుకోవాలి. తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు ఫోన్లో వెలుగు కొలిచే లక్స్ యాప్ పెట్టి, ఫోనుని ఇసక మీద వెల్లకిలా ఉంచి చూడండి. 6500 కెల్విన్ తెల్ల ఎల్‌ఈడీకి లక్స్‌ని 70తో భాగిస్తే మొక్కకి పనికొచ్చే వెలుగు, అదే పార్, ఉజ్జాయింపుగా వస్తుంది. గ్యాసు లేకుండా ఇసక దగ్గర 20–30 ఉంటే చాలు, అంటే 1400–2100 లక్స్. మధ్యనే కాదు, నాలుగు మూలలూ చూడండి.

మన సముద్రపు గాలికి తెరిచి ఉన్న ఎల్‌ఈడీ పట్టీలు చిలుము పడతాయి. నీళ్లు, దుమ్ము లోపలికి పోని ఐపీ65 గుర్తు ఉన్నది తీసుకుని, వైరు దూరేచోట సిలికాన్ పెట్టండి. వైరు సాకెట్‌కి వెళ్లేముందు ఒకసారి కిందికి వేలాడి పైకి ఎక్కాలి. అప్పుడు జారిన నీటిబొట్టు నేల మీద పడుతుంది, సాకెట్‌లోకి పోదు. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్చు) లేని లైనుకి అక్వేరియం పెట్టకండి.

టైమరు బ్యాటరీ ఉన్న డిజిటల్‌దే కొనండి. ముల్లు తిరిగే టైమరు కరెంటు పోయినప్పుడల్లా ఆగిపోతుంది. రోజుకి రెండు గంటలు పోతే వారం తిరిగేసరికి లైటు రాత్రిళ్లు వెలుగుతుంది. కిటికీలోంచి ఎండ పడుతుంటే ఈ లెక్కలేవీ పనిచెయ్యవు, ముందు తెర వెయ్యండి.

వేసవిలో కాలవలు కట్టేశాక బోరు నీళ్లు పోస్తే, ఉప్పెక్కువ ఉన్న చోట పైగాజు మీద తెల్లమరక కట్టి వెలుగు తగ్గుతుంది. వెనిగర్‌తో తుడవండి. లైటు పాతదైందని మార్చేసేవాళ్ల తొట్లలో చాలామటుకు తప్పు ఆ మరకదే.

కాలువగట్టు, అమలాపురం:
ఎత్తు పెంచి టైమరు పెడతానండి. మరి రోటాలా సంగతి? హైడ్రిల్లా నీటి పైదాకా పాకి కిందివాటికి నీడ పట్టేస్తోంది.

పాచితో పేచీ, భీమవరం:
ఈ తొట్టిలో రోటాలా రొటుండిఫోలియా బతుకుతుంది, ఎర్రబడదు. ఆకుపచ్చగా, కొసలు కొంచెం నారింజగా ఉంటుంది. ఎరుపు కావాలంటే వెలుగు రెట్టింపవ్వాలి, దానితోపాటు నీటిలో 30 పీపీఎం (లీటరుకి 30 మిల్లీగ్రాములు) దాకా గ్యాసు ఉండాలి. వెలుగు ఒక్కటే పెంచితే మళ్లీ పాచి దగ్గరికే వస్తారు.

కణుపుల మధ్య దూరం పెరిగి కాడ సాగితే వెలుగు చాలట్లేదని అర్థం. ముదురాకు పసుపెక్కితే నత్రజని తక్కువ, ఆకులకి సూదిరంధ్రాలు పడితే పొటాషియం, లేతాకు తెల్లబోతే ఇనుము. వీటికి లైటు మందు కాదు. గోదారి ఇసకలో ఎరువేమీ ఉండదు, అందుకని క్రిప్టోకొరైన్ మొదలు దగ్గర మూడు నెలలకో వేరు మాత్ర (ఎరువు బిళ్ల) గుచ్చండి. నాటిన వారానికి దాని ఆకులన్నీ కరిగితే పీకెయ్యకండి, దుంపనుంచి మళ్లీ వస్తుంది.

హైడ్రిల్లా తక్కువ వెలుగులోనూ పెరుగుతుంది, అందుకే మిగతావాటిని మింగేస్తుంది. వారానికోసారి సగానికి కత్తిరించండి. అనుబియాస్‌కి మాత్రం ఆ నీడ మంచిదే, దాని వైపు కాస్త ఉంచండి. కత్తిరించింది కాలవలో పారెయ్యకండి, ఎండబెట్టండి. కాలవ మొక్కతో నత్తలు, తూనీగ పిల్లపురుగులు వస్తాయి. ఆ పురుగు చేపపిల్లల్ని తినేస్తుంది. లేత గులాబీ రంగు వచ్చేంత పర్మాంగనేటు కలిపిన నీళ్లలో పది నిమిషాలు ముంచి, కడిగి నాటండి.

ఇసకదిబ్బ, నరసాపురం:
మే నెలలో నీరు 32 డిగ్రీలు దాటితే లైటు రోజుకి 5 గంటలకి తగ్గించండి. పైన ఫ్యాను పెట్టినా మన ఉక్కకి నీరు అంతగా ఆవిరవదు, పెద్దగా చల్లబడదు.