అప్‌డేట్: బేస్‌బాల్ పుస్తకం అడ్వాన్స్ కాపీలో తప్పు, రివ్యూలో ఎత్తిచూపాలా?

విడుదలకు ముందే రివ్యూకి పంపే అడ్వాన్స్ కాపీలో తప్పు కనబడితే రివ్యూలో రాయాలా అని రెండు వారాల కింద ఇక్కడ అడిగింది నేనే. నాకొచ్చిన కాపీలో అమెరికా బేస్‌బాల్ ఆటగాడు హ్యాంక్ ఆరన్ 1973లోనే పాత తరం ఆటగాడు బేబ్ రూత్ కెరీర్ మొత్తంలో కొట్టిన 714 హోమ్‌రన్‌ల (క్రికెట్లో సిక్సర్ లాంటివి) రికార్డు దాటేశాడని ఉంది. నిజానికి ఆ సీజన్ ముగిసేసరికి ఆరన్ మొత్తం 713 దగ్గర ఆగింది. 715వది కొట్టింది 1974 ఏప్రిల్ 8న, అట్లాంటాలో. మధ్యలో చలికాలమంతా ఆరన్‌కు వచ్చిపడిన బెదిరింపు ఉత్తరాల గురించే ఆ అధ్యాయం. ఏడాది తప్పితే కథే తప్పిపోతుంది, అందుకే అంత గింజుకున్నాను.

“అట్ట మీద చూడండి, తుది ప్రతితో సరిచూశాకే ఉటంకించమని ఉంటుంది” అన్నవారి మాటే పనిచేసింది. నిజంగానే ఉంది, చిన్న అక్షరాల్లో. పేజీ నంబరుతో ప్రచురణకర్తల పబ్లిసిటీ విభాగానికి మెయిల్ పెట్టాను. మూడో రోజు జవాబు: ప్రూఫ్‌లోనే పట్టుకున్నారట, దిద్దిన పేజీ పీడీఎఫ్ కూడా పంపారు. రివ్యూలో ఆ తప్పు గురించి రాసిన పేరా కొట్టేశాను. రివ్యూ నిన్న ఎడిటర్ తీసుకున్నారు.

అంకెలు సరిచూసుకోడానికి డబ్బు కట్టి డేటాబేస్ తీసుకోమన్న సలహా అక్కర్లేకపోయింది, బేస్‌బాల్ రిఫరెన్స్ అనే గణాంకాల సైట్లో ఉచితంగానే దొరికాయి. రచయితకు నేరుగా రాయమన్నారు కొందరు. రాయనందుకు ఇప్పుడు హాయిగా ఉంది. అందరికీ థాంక్సండీ.